గోధుమల మీద అక్షరం

నా భర్త పోయి ఆదివారానికి నలభై రోజులు. ఆ రోజు చర్చిలో పెట్టాల్సిన గోధుమల పళ్ళెం శనివారమే సిద్ధం చేశాం. ఉడికించి ఆరబెట్టిన గోధుమల్లో దానిమ్మ గింజలు, బాదం పలుకులు కలిపి, పైన పంచదార పొడిని సున్నం వేసినట్టు తెల్లగా పరిచాను. మా అమ్మాయి ఆంథి దాని మీద వెండిరంగు మిఠాయి పూసలతో శిలువ పేర్చి, కింద వాళ్ళ నాన్న పేరులో మొదటి అక్షరం పెట్టింది. ఆయన పేరు స్తమాతిస్. కాబట్టి మా గ్రీకులో సిగ్మా.

"చూడమ్మా, అచ్చం నాన్న సంతకంలో లాగే కుదిరింది," అంది.

"బాగుందే," అన్నాను. అంతకు ముందురోజే నేను ఆయన రాసిన పేర్ల కాగితం చదివాను.

ఏటా పోయినవాళ్ళను తలుచుకునే ఆత్మల శనివారం నాడు చర్చికి పేర్ల కాగితం ఇస్తాం. ఒక పక్క బతికున్నవాళ్ళు, ఒక పక్క పోయినవాళ్ళు. ఫాదర్ వందల పేర్లు గబగబా చదివేస్తారు, ఎవరి పేరూ ఎవరికీ వినపడదు. నాకు చదువు రాదు గనక ఆయనే రాసి, నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చేవారు. ముప్పై ఎనిమిదేళ్ళు అలాగే తీసుకెళ్ళి ఇచ్చాను. అరవై దాటాక, చర్చి వెనక గదిలో మాలాంటి ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతుంటే వెళ్ళి కూర్చున్నాను. "ఇప్పుడు చదివి ఏ ఆఫీసు ఏలతావు, లెమొనియా?" అని ఆయన నవ్వేవారు. ఆ నవ్వులో భయం ఉందని నాకు తెలియలేదు.

నలభయ్యో రోజు కాగితం నేనే రాద్దామని, చూసి రాయడానికి ఆయన కోటు జేబులోంచి ఆయన రాసింది తీశాను. ఈ ఏటికి రాసిపెట్టుకుని, ఇవ్వకముందే పోయారు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను. పోయినవాళ్ళ పక్క ఆయన నాన్న, ఆయన అమ్మ, స్తమాతిస్. బతికున్నవాళ్ళ పక్క ఆర్గిరిస్, లెమొనియా, ఆంథి.

ఆర్గిరిస్ ఆయన తమ్ముడు. యుద్ధంలో జర్మన్లు గ్రీసును పట్టుకున్న మొదటి చలికాలంలో, రేవుపట్నం పిరేయస్‌లో ఆకలికి పోయాడని ఆయన చెప్పిన తమ్ముడు.

పొరపాటున తారుమారు చేశారనుకున్నాను. కానీ మిగతా అందరం ఎవరి పక్క వాళ్ళమే ఉన్నాం. పిరేయస్‌లో ఉన్న ఆయన అక్క ఫొతీనికి ఫోన్ చేశాను.

"వదినా, ఆ చలికాలం పోయింది ఎవరు?"

"నీకు చదువెవరు నేర్పారే?" అంది.

పోయింది పద్నాలుగేళ్ళ స్తమాతిస్. చావు సంగతి బయటపడితే రొట్టె కార్డు పోతుందని, తల్లి ఆ బిడ్డను శ్మశానం గోడ పక్కన పేరు లేకుండా వదిలివచ్చింది. పెద్దవాడి పేరుంటే రేవులో పని దొరుకుతుంది, పనిలో గిన్నెడు సూప్ పోస్తారు. అందుకని పదకొండేళ్ళ చిన్నవాడికి అన్న చొక్కా, అన్న కార్డు, అన్న పేరు తొడిగింది. తరవాత తనిఖీకి వచ్చి రెండో బిడ్డ ఏడని అడిగితే, పోయింది చిన్నవాడని చెప్పింది.

"ఆ పేరుతోనే ఓడెక్కి మీ మెల్బోర్న్ వచ్చాడు. ఎవరికీ చెప్పకు పిచ్చిదానా! అక్కడివాళ్ళు వాడి కాగితాలన్నీ దొంగవంటారు."

వీధిలో పేరు పెట్టి పిలిస్తే ఆయన ఎప్పుడూ మొదటిసారి తిరిగేవారు కాదు. చెవుడని నేను వెక్కిరించేదాన్ని.

మట్టి చేసినప్పుడు కూడా స్తమాతిస్ అనే చదివారు. నలభయ్యో రోజూ అదే చదివితే ఆ ప్రార్థన ఆ పిల్లవాడికి పోతుంది. వాడికి ఆయనే ఏటా పంపుతూ వచ్చారు. మరి ఆయనకు? పేరు పెట్టి పిలవని చచ్చినవాడు గుమ్మం బయటే నిలబడతాడని మా అమ్మ అనేది.

ఆదివారం పొద్దున్నే చెంచాతో సిగ్మాను చదును చేశాను. దాని చోట ఆర్గిరిస్ పేరుకి అల్ఫా పెట్టాను, నేను నేర్చిన మొదటి అక్షరం. ఆఖరి పూస అద్దుతుంటే వెనక అడుగుల చప్పుడు.

"అమ్మా! ఏం చేశావు?" అంది ఆంథి. "అల్ఫా నాది కదమ్మా! చచ్చినవాళ్ళ గోధుమల మీద నా అక్షరం పెడతావా?"

ఆ సంగతే నాకు తట్టలేదు. దిష్టి పోవాలని ముమ్మారు తూ తూ అన్నాను.

"నీది కాదు తల్లీ. మీ నాన్నది."

"నీకింకా అక్షరాలు రాలేదు."

"వచ్చాయే. వచ్చినందుకే ఈ బాధ." ఆయన రాసిన కాగితం ఆమె ముందు పెట్టాను.

నాకు గంట పట్టినదాన్ని తను క్షణంలో చదివేసింది. నా వేలు ఆగిన చోటే తన వేలూ ఆగింది. వదిన చెప్పిందంతా చెప్పాను.

"చర్చిలో అడుగుతారమ్మా. ఏం చెప్తాం? గవర్నమెంటు ఆఫీసులో తెలిస్తే?"

"నాకూ తెలీదే."

ఆంథి పళ్ళెం వైపు చేయి చాపి, అల్ఫా అడ్డగీతలో వంకరపోయిన పూసను వేలితో సరిచేసింది.

చర్చిలో ఫాదర్ నేను రాసిచ్చిన పేర్ల కాగితంలో నా వంకర రాత చూసి, కళ్ళజోడు పైనుంచి నావైపు చూశారు. ఆంథి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆర్గిరిస్," అని చదివారు ఫాదర్. "స్తమాతిస్."

"ఆర్గిరిస్ ఎవరు?" వెనక ఎవరో గుసగుసలాడారు.

ఆంథి వెనక్కి తిరిగింది.

"మా నాన్న," అంది.