హెడ్డుగారు బల్ల కింద దూరిన రోజు

హెడ్డుగారికి బల్ల కింద దూరడం చేతకాలేదు. మొదట తల పెట్టాడు, పొట్ట అడ్డొచ్చింది. వెనక్కి వచ్చి కాళ్ళు పెట్టాడు, ఈసారి తల బయట మిగిలిపోయింది. పోలీస్ స్టేషన్ మేడమీది హాల్లో కుర్చీలు వేసుక్కూర్చున్న పద్దెనిమిది మంది సిబ్బందీ నవ్వు ఆపుకోలేక నానా తంటాలు పడుతున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ ఒక్కతే గంభీరంగా ఉంది, అదీ గోడకేసి చూస్తూ.

"పక్కకి తిరిగి దూరాలి," అంది మిరియం. "నేనలాగే దూరతాను."

మిరియానికి తొమ్మిదేళ్ళు. ఆ ముద్దుపేరు వాళ్ళమ్మ పెట్టింది. మనిషి గింజంత, ఘాటు సంగతి మీరే చూస్తారు. చెవులమీద చప్పుళ్ళు ఆపే పెద్ద ఎర్ర డిప్పలు, చేతిలో పరీక్ష అట్ట, ఒక పెన్సిలు. ఆ పూట ఆ హాల్లో టీచరు ఆమే. గుమ్మం దగ్గర, మెళ్ళో కొలతల టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చేసిన టైలరమ్మ ఆమె తల్లి. కూర్చోమంటే కూర్చోలేదు. ఏ క్షణాన పిల్లనెత్తుకుని మెట్లు దిగాల్సి వస్తుందోనని నిలబడే ఉంది.

సంగతేమిటంటే, ఏడాది క్రితం బళ్ళో అగ్నిప్రమాదం డ్రిల్లంటూ ముందుగా చెప్పకుండా సైరన్ మోగించారు. మిరియం చెవులు మన చెవుల్లాంటివి కావు. మనకి చప్పుడైంది ఆమెకి దెబ్బ. పిల్ల టీచరు బల్ల కింద దూరి, దగ్గరికొచ్చిన వాళ్ళమీదికి చేతికందినవన్నీ విసిరింది. సైరన్ ఆపాలన్న బుద్ధి ఒక్కళ్ళకీ పుట్టలేదు గానీ, పోలీసులకి ఫోన్ చెయ్యాలన్న బుద్ధి మాత్రం టక్కున పుట్టింది. వచ్చింది హెడ్ కానిస్టేబుల్, అదే మన హెడ్డుగారు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, దొంగల్నీ తాగుబోతుల్నీ లొంగదీసిన చెయ్యి. పిల్లని కాలు పట్టి బయటికి లాగి బేడీలు వేశాడు. ఆ సన్నటి మణికట్లకి బేడీలు నిలవక జారిపోయాయి. అక్కడైనా ఆగి ఆలోచించాలా, అక్కర్లేదా? ఆలోచించలేదు. రెండు మణికట్లూ తన ఒక్క గుప్పిట్లో బిగించి, తల్లి వచ్చేదాకా ఇరవై నిమిషాలు పట్టుకున్నాడు. రిపోర్టులో 'స్వల్ప బలప్రయోగం' అని రాశాడు. ఆ స్వల్పం మిరియం చేతులమీద వారం రోజులు నల్లగా కమిలి ఉంది.

టైలరమ్మ ఊరుకోలేదు. కాళ్ళరిగేలా తిరిగి విచారణ జరిపించింది. హెడ్డుగారిని ఆరు నెలలు ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. స్టేషన్ మొత్తానికీ శిక్షణ అని ఎవరో పెద్దాయన చేత తెరమీద బొమ్మలు వేయించారు. సగంమంది హాయిగా కునికారు.

"వీళ్ళకి బొమ్మలతో ఎక్కదు, మా అమ్మాయి చెబితే గానీ!" అంది టైలరమ్మ విసుగ్గా. విసుగులో అన్న మాటని కూతురు పట్టుక్కూర్చుంది. చెబుతాను గానీ ఒక షరతు అంది. ఆ మీసాలాయన పిల్లాడవ్వాలి, తను పోలీసవుతుంది.

హెడ్డుగారు మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. ఎందుకంటే, మొన్నామధ్య బజార్లో అతన్ని చూడగానే మిరియం చెవులు మూసుకుని రోడ్డు మధ్యలో కూలబడిపోయింది. అప్పట్నుంచీ ఆ పిల్ల బడికెళ్ళే వేళ తెలుసుకుని మరీ, అంత భారీ మనిషీ ఆగి ఉన్న వ్యాన్ల చాటున నక్కుతున్నాడు. బయటి డ్యూటీ తిరిగొచ్చింది గానీ మనశ్శాంతి తిరిగి రాలేదు. ఆ పిల్ల తన పక్కన ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, భయపడకుండా నిలబడితే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాడు.

మొత్తానికి పక్కకి తిరిగి దూరాడు.

మిరియం ముందు వరసలోంచి నలుగురిని పిలిచింది. "ఆయన్ని బయటికి తీసుకురండి," అని చెప్పి, డిప్పలు గట్టిగా నొక్కుకుని, గోడమీది అలారం మోగించమంది.

నలుగురూ మంచివాళ్ళే. అదే వచ్చిన చిక్కు. నలుగురూ ఒకేసారి మంచిగా మాట్లాడారు. రా నాన్నా ఏం కాదని ఒకడు, నీళ్ళు తాగుతావా అని ఇంకొకడు, పేరేంటి బాబూ అని మూడోవాడు, ఇటు చూడు ఇటు చూడని నాలుగోవాడు. హెడ్డుగారు మొదట్లో నటిస్తూనే ఉన్నాడు, కాస్త ముసిముసిగా నవ్వుకుంటూ కూడా. కానీ అలారం తలలోకి దిగుతోంది. నాలుగు జతల బూట్లు దగ్గరికొస్తున్నాయి. ఎవరి భుజంమీదో వైర్‌లెస్ సెట్టు గరగరమంటోంది. ఇంతలో ఒక చెయ్యి లోపలికొచ్చి అతని కాలు పట్టుకుంది. నటన ఎప్పుడు పోయిందో అతనికే తెలీదు. ఫాట్‌మని తన్నాడు. అందరికంటే చిన్న కానిస్టేబుల్ ముక్కు పట్టుకుని వెల్లకిలా పడ్డాడు.

"ఫెయిల్," అంది మిరియం, అట్టమీద నాలుగు సున్నాలు చుడుతూ. "నలుగురూ ఫెయిల్."

"నేను మంచిగానే అడిగాను కదమ్మా!" అన్నాడు ముక్కు పట్టుకున్నవాడు.

"గోలలో మంచిగా అడిగితే అది కూడా గోలే."

అలారం ఆపించింది. సగం లైట్లు ఆర్పించింది. ఇన్‌స్పెక్టరమ్మతో సహా అందరినీ వరండాలోకి తోలింది. తర్వాత బల్లకి దూరంగా, అటు తిరిగి నేలమీద కూర్చుంది. అంతే. ఇంకేం చెయ్యలేదు. హెడ్డుగారి గుండె దడ నెమ్మదిగా తగ్గింది.

"మీసాలంకుల్, బయటికొస్తారా?" అంది కాసేపటికి. "ఇప్పుడే రాకపోయినా ఫర్వాలేదు."

"ఇప్పుడే రాలేనమ్మా," అన్నాడు. అది నటన కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుమ్ము పడిందని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. ఆ హాలు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచారు.

చివరికి పాకుతూ బయటికొచ్చి, మోకాళ్ళమీదే ఆగాడు. "ఆ రోజు చాలా తప్పు చేశానమ్మా," అన్నాడు.

"తెలుసు," అంది మిరియం. "ఇప్పుడు నేను పిల్లని. మీరు పోలీసు."

గుమ్మం దగ్గర టైలరమ్మ గతుక్కుమంది. "చాలు తల్లీ, ఇంక ఇంటికెళ్దాం రా," అంది. తల్లి మాట పూర్తయ్యేలోపు కూతురు చెప్పులు విడిచేసి బల్ల కింద ఉంది. ఆమె కేకకి ఒక కానిస్టేబుల్ లోపలికొచ్చి, లైట్లన్నీ వేసి, అలారం మళ్ళీ మోగించి వెళ్ళాడు.

ఇంత భయం హెడ్డుగారికి కత్తులు పట్టుకున్నవాళ్ళ ముందు కూడా కలగలేదు. అలారం ఆపాడు. లైట్లు ఆర్పాడు. వైర్‌లెస్ సెట్టు తీసి వరండాలోకి అందించాడు. దూరంగా నేలమీద చతికిలబడి, గోడకేసి తిరిగాడు.

పది నిమిషాలు గడిచాయి. ఇరవై అయ్యాయి. బల్ల కింద మిరియం అట్టమీద బొమ్మలు గీసుకుంటోంది, కూనిరాగం కూడా తీస్తోంది. తీరిగ్గా, కావాలనే ఆలస్యం చేస్తోందని కిటికీల్లోంచి చూస్తున్న అందరికీ తెలుస్తూనే ఉంది.

"ఉన్నారా?" అంది.

"ఉన్నాను."

మళ్ళీ కూనిరాగం. ఇంకో పది నిమిషాలకి హెడ్డుగారు ధైర్యం కూడగట్టుకుని, వెనక్కి తిరక్కుండానే అడిగాడు. "చెయ్యి పట్టుకుని బయటికి తీసుకురానా?"

"వద్దు."

"సరే," అని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

కూనిరాగం ఆగిపోయింది. "నేను వద్దన్నాను," అంది మిరియం.

"విన్నానమ్మా."

"మరి?"

"మరేముంది? వద్దంటే వద్దే."

బల్ల కిందనుంచి ఎర్ర డిప్పలు బయటికొచ్చాయి, వాటి మధ్య రెండు కళ్ళు. "అయితే ఇటు తిరగొద్దు," అంది పరీక్షగా.

"సరే."

"మీసం దువ్వొద్దు."

మీసం దాకా వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగి దిగిపోయింది. "సరే."

"నవ్వొద్దు."

ఇదొక్కటీ హెడ్డుగారి వల్ల కాలేదు. పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, ఆపుకోబోతే ముక్కులోంచి గుర్రుమని వచ్చింది. వరండాలో పద్దెనిమిది మందీ ఘొల్లుమన్నారు. ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"అమ్మా! చూడు, వద్దంటే సరే అంటున్నాడు!" మిరియం పూర్తిగా బయటికొచ్చేసి గెంతుతోంది. టైలరమ్మ టేపు కొసతో కళ్ళొత్తుకుని, నవ్వుతూ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. పొద్దుట్నుంచీ ఆమె కూర్చోవడం అదే మొదలు.

ఇల్లు చేరే వేళయింది. మిరియం చెప్పులు తెచ్చుకుని ఒంటికాలిమీద నిలబడింది. ఒకటి తొడుగుతుంటే ఒళ్ళు ఊగింది. పట్టుకోవడానికి గోడ దూరంగా ఉంది, ఇంకా నేలమీదే కూర్చున్న హెడ్డుగారి భుజం దగ్గరగా ఉంది. చూడనైనా చూడకుండా భుజంమీద చెయ్యి వేసి, బరువంతా ఆనించి, బకిల్‌తో కుస్తీ మొదలుపెట్టింది. బకిల్ ఓ పట్టాన ఎక్కడం లేదు. హెడ్డుగారికి రెండు కాళ్ళూ తిమ్మిరెక్కాయి, మెడమీంచి చెమట కారుతోంది.

"ఇక లేవండి హెడ్డుగారూ, భోజనాల వేళ దాటిపోయింది," అంది ఇన్‌స్పెక్టరమ్మ కిటికీలోంచి.

హెడ్డుగారు కదల్లేదు. పెదవులు కూడా కదిపీ కదపనట్టుగా, ఎవరూ పాడు చెయ్యొద్దన్నట్టుగా చెప్పాడు.

"ఆగండి మేడమ్. పిల్ల చెప్పులేసుకుంటోంది."