తోరా వదిన కప్పుకున్న బొంత

మా ఊరి లూథరన్ గుడిలో ఆడవాళ్లం చలికాలమంతా నేలమాళిగలో కూర్చుని బొంతలు కుడతాం. పాత కోట్లు, కర్టెన్లు, చిరిగిన చొక్కాలు ముక్కలు చేసి అతికి, ఊలు దారంతో ముడులు వేస్తాం. అక్టోబరులో ఒక ఆదివారం వాటిని బెంచీల మీద పరిస్తే పాస్టరుగారు ప్రార్థన చేస్తారు. తర్వాత అవి ఎక్కడెక్కడి లేనివాళ్లకో ఓడలో వెళ్లిపోతాయి. ఒక్కటి కూడా సొంతానికి వాడుకోకూడదని మా కట్టుబాటు.

అందరికంటే ఎక్కువ కుట్టింది మా తోరా వదిన, మా అన్న ఐనార్ భార్య. ఒక జనవరి సాయంత్రం అన్న తాగి వచ్చాడు. అంతకుముందూ చాలాసార్లు వచ్చాడు. ఆ రోజు మాత్రం వదిన తలుపు గడియ పెట్టింది. మా మిన్నెసోటా చలి తెలిసిందేగా, బకెట్లో నీళ్లు రాత్రికి రాత్రే రాయవుతాయి. అన్న పశువుల కొట్టంలో పడుకుని, నెమ్ము చేసి, తొమ్మిదో రోజున పోయాడు. ఆ వారమే మా ఎర్రావు కవలల్ని ఈనింది, అందుకే నాకు బాగా గుర్తు.

అప్పటినుంచి వదిన ఒక్క ఆదివారమూ గుడి మానలేదు, రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం వెళ్లలేదు. మేమంతా ముందుకెళ్లి మోకరిస్తే ఆవిడ ఒక్కతే కూర్చుని ఉండేది. మనిషి నీతిమంతుడయ్యేది విశ్వాసం వల్లనే, చేసిన పనుల వల్ల కాదు అన్న మాట మాకు ఉగ్గుపాలతో పోస్తారు. వదినా కాదనేది కాదు.

“అది మీకు. నన్ను ముందు ఈ బొంతలు కుట్టనివ్వండి,” అనేది.

ఈ మార్చిలో మంచాన పడింది. నేనూ డెబ్బై దాటినదాన్నే. రెండు పూటలా మంచు తొక్కుకుంటూ వెళ్లి, ఓట్స్ జావ తాగించి, పక్క మార్చి వచ్చేసరికి నడుము నాది కాదు. పాస్టరుగారు రొట్టె, ద్రాక్షారసం చిన్న పెట్టెలో పెట్టుకుని మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ పెట్టె తెరవకుండానే కాఫీ తాగి వెళ్లారు.

“ఆ బొంత పూర్తి కానీయండయ్యా,” అనేది వదిన. గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ ఆ సగం బొంతే ఆక్రమించింది. ఆవిడ వేళ్లలో సూది నిలవడం లేదు.

“నువ్వు ముడులు వెయ్యవే, రగ్నా. నేనే వేశాననుకుంటాను.”

“దేవుడు కళ్లు మూసుకుని కూర్చున్నాడా వదినా, ఎవరు వేశారో తెలీకపోవడానికి?”

“నీ నోటికి మాత్రం ముసలితనం రాలేదు.”

నిజం చెప్పాలంటే విసుగొచ్చింది. ముప్పై నాలుగేళ్లుగా ఆవిడ బరువు నేనూ మోస్తున్నాను. పోయినవాడు నా తోడబుట్టినవాడు. నేనెప్పుడో క్షమించేశాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు.

శుక్రవారం వెళ్లేసరికి పలచటి దుప్పట్లో వణుకుతోంది. అన్న పోయినప్పటినుంచీ అంతకుమించి కప్పుకోదు. నేను గుడికి నడిచి, కట్టలో పైనున్న బొంత లాగి తెచ్చి మీద కప్పాను.

వదిన వేళ్లు అలవాటుగా ముడుల్ని తడిమాయి.

“ఎవరిదే ఇది? ముడులన్నీ వదులు.”

“ఆల్మాది. మనతోపాటే కుడుతుంది కానీ, చెయ్యి వణుకుతుంది కదా.”

“నేనైతే పంపనిచ్చేదాన్ని కాదు.”

“తెలుసు.”

“ఇందులో నేను ఒక్క కుట్టూ వెయ్యలేదు.”

“వెయ్యలేదు.”

“ఇవి లేనివాళ్లకి కదే.”

“మరి నువ్వేమన్నా ఉన్నదానివా?”

నేను మంచం కోడుకి ఆనుకుని కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి ఆవిడ వణుకు తగ్గింది.

“వెచ్చగానే ఉంది,” అంది, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. బొంత గడ్డం దాకా లాక్కుని, “ఐనార్‌కి ఆ రోజు ఎవరూ కప్పలేదు,” అంది.

“లేదు వదినా. కప్పలేదు.”

లేచి ఆవిడ కళ్లు తుడిచే ఓపిక నాకు లేకపోయింది. ఆవిడే ఆల్మా బొంత అంచుతో తుడుచుకుంది.

“పాస్టరుగారిని రమ్మను. కాఫీ పెట్టకు. ఈసారి దానికోసం కాదు.”

ఆయన వచ్చి రొట్టె ముక్క నోట్లో పెట్టారు. వదిన చేతులు బొంత కిందే ఉన్నాయి, బయటికి తియ్యలేదు. నేను కుర్చీలోని సగం బొంతను తీసి నేలమీద పెట్టి, ఆ కుర్చీలో కూర్చున్నాను.