కొలువులో రైలుకట్ట

దసరాకి బొమ్మల కొలువు పెట్టిన తొమ్మిది రోజులూ లక్ష్మీనరసమ్మగారింట్లో పొద్దున్నే చేసే మొదటి పని, కొలువులోకి తొంగిచూడడం. అక్కడ వాన పడితే మర్నాడు ఊళ్ళో పడుతుంది. కొలువు మట్టి తడిసి ఉంటే ఆ ఇంట్లో ఒడియాలు పెట్టరు, చాకలి బట్టలు పట్టుకెళ్ళదు, ఆవిడ భర్త సూర్యరాజుగారు తణుకు ధాన్యం బళ్ళు తోలించరు. ఆవిడ కాపరానికొచ్చిన ఏడు నించీ అంతే.

రాజుల ఇంటి ఆడమనిషి. ఘోషా. గడప దాటితే మేనా, మేనాకి తెర. నలభై ఏళ్ళుగా ఉంటున్న ఊరుని ఆవిడ కళ్ళారా చూడనేలేదు. అయినా గోదావరి ఒండ్రు తెప్పించి, మండువా గదిలో పెద్ద బల్ల మీద పరిచి, ఊరంతా బొమ్మగా చేసింది. కొలువులో వాననీళ్ళు ఒకచోట, మర్నాడు ఊళ్ళో మరోచోట నిలిస్తే, గోటితో మట్టి గీకి సరిచేసేది. అలా ఊరి మెరక పల్లాలన్నీ ఆ బల్లకి తెలిశాయి.

లేనిదల్లా కిరస్తానీ పాలెం. మూడేళ్ళ కిందట ఓ ఆదివారం కోతకి రమ్మంటే, "ఇవాళ ప్రార్థనండి, రేపొస్తావండి" అన్నాడు పాలెం కూలీ యెహెజ్కేలు. ఆ రేపే గాలివాన. పండిన చేను పండినట్టే పడుకుంది. ఆవిడ కొలువులో ఉన్న పాలెం గుడిసెలు పంతొమ్మిదీ ఏరి పెరట్లోకి విసిరేసింది. చేసింది మర్చిపోయే మనిషి కాదు, తనకి ఒకరు చేసింది అసలే మర్చిపోదు.

ఈ ఏడు ఊరి పక్కన రైలుకట్ట పడింది. కొలువులో కూడా పడాల్సిందే. యెహెజ్కేలు పెళ్ళాం వీరమ్మ కట్ట మీద మట్టి తట్టలు మోసేది. సాయంత్రం పెరటి కిటికీ అవతల నిలబడి చూసొచ్చినదంతా చెప్పేది.

"పట్టాకీ పట్టాకీ మధ్య ఎంతే?"

"నేను చేతులు బార్లా చాపితే అంతండి అమ్మగారూ."

"నీవా, నీ మొగుడివా? వాడివి పొడుగు చేతులు. పనికి మాత్రం వంగవు."

"నావేనండి. ఆయన చేతులు జోడించే ఉంటాయి కదండి," అని నవ్వేసింది వీరమ్మ.

పాత వీణ తీగలు పట్టాలయ్యాయి. కొబ్బరీనెలు ముక్కలు చేసి అడ్డదూలాలుగా పేర్చింది. ఇటుక దంచి జల్లెడ పట్టి కంకర చేసింది. ఒక్క ఈనె వంకరగా ఉందని బారెడు కట్ట మళ్ళీ విప్పింది. ఆవాలు మొలిచి చేలయ్యాయి. చెక్క రైలు మాత్రం వంపు దగ్గర మూడుసార్లు పడిపోయింది.

"వంపులో బయటి పట్టా రవ్వంత ఎత్తు పెడతారండి. లేపోతే పడిపోద్దంటండి."

"ఆ మాట ముందే చెప్పి చావచ్చుగా!"

నాలుగోసారి రైలు వంపు తిరిగి, పచ్చటి ఆవచేల మధ్యనించి మెల్లగా జారుకుంటూ వెళ్ళింది. లోపల ఆవిడ, కిటికీ అవతల వీరమ్మ, ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు.

ఎనిమిదో రోజు పొద్దున్న కొలువులో వాన పడింది. నువ్వుగింజలంత చినుకులు, గంటసేపు. నీళ్ళు ఉత్తరం నించి దిగి, రైలుకట్టకి ఆనుకుని ఆగి, వెనక్కి తిరిగి, ఖాళీగా వదిలేసిన పల్లంలో నిండాయి. ఆవిడ చిటికెన వేలు ముంచి చూసింది. రెండో కణుపు దాటింది. ఆ కొలతలో గుడిసె కప్పు మొదటి కణుపు దగ్గరే.

అది పాలెం చోటు.

వీరమ్మని పిలిపించింది. "మీ దగ్గర కట్టకి తూము ఎక్కడ పెట్టారే?"

"మా దగ్గర తూము లేదండి."

ఆవిడ వెనక్కి తిరిగి కొలువు వంక చూసింది. పోయినేడు రైలు ఓవర్సీయరు చంద్రరావు గుమ్మంలో నిలబడి ఈ కొలువు చూసే కట్ట నక్షా గీసుకుపోయాడు. ఇళ్ళున్న చోటల్లా తూము పెట్టాడు. ఇళ్ళు లేనిచోట పెట్టలేదు.

"గండి కొట్టించడానికి కట్ట మనది కాదు, సర్కారుది. ముట్టుకుంటే జైలు," అన్నారు సూర్యరాజుగారు.

"మేనా తెప్పించండి."

కట్ట దగ్గర ఆవిడ తెర తీసి కిందికి దిగింది. బోయీలు తలలు దించుకున్నారు. ఆవిడ మాత్రం తల ఎత్తే ఉంచింది. కళ్ళెదుట ఆకాశానికి ఆనుకుని కట్ట, దాని మీద రెండు పట్టాలు, ఎంతెంతో దూరాన ఒకటైపోతూ. వంపులో బయటి పట్టా రవ్వంత ఎత్తు. తన వేళ్ళతో పేర్చిందే, దేవుడి వేళ్ళతో పేర్చినట్టుంది. 

"పైనించి ఉత్తరువు లేందే తవ్వనివ్వనండి," అన్నాడు చంద్రరావు.

"ఉత్తరువు అడిగే గీశావా నా కొలువు చూసి? అందులో నీళ్ళెంత నిలిచాయో మా ఇంటికెళ్ళి కొలుచుకో."

అతను వెళ్ళాడు. చెప్పులు విప్పి, కర్ర పెట్టి కొలిచి, పరుగున తిరిగొచ్చాడు. పట్టాల మీంచి పక్కకి తప్పుకున్నాడు.

పాలెం జనం పారలతో వచ్చారు. ముందు యెహెజ్కేలు. ఆవిడ అతని మొహం చూడకుండానే అంది: "మీ గుడిసెలు తీసేసింది నేను. అందుకే తూము రాలేదు."

"తెలుసండి. మా ఆవిడ కిటికీలోంచి మూడేళ్ళుగా చూస్తానే ఉంది. ఎక్కడ తవ్వమంటారు?"

ఆవిడ వేలు చూపించింది. చీకటి పడేలోపు పట్టాల కింద రెండు బారల మేర మట్టి తీసేశారు.

మర్నాడు వాన వచ్చింది. ఆవిడ కూడా వచ్చింది. నీళ్ళు ఎర్రగా, మందలా దిగి, కట్టకి కొట్టుకుని, ఒక్క క్షణం పాలెం వైపు చూసినట్టు ఆగాయి. అంతలో గండి దొరికింది. ఆ హోరుకి నేల కదిలింది. మొదటి గుడిసె గుమ్మానికి జానెడు దూరంలో నీటి అంచు నిలబడి, వెనక్కి తగ్గింది. గండి మీద పట్టాలూ అడ్డదూలాలూ గాలిలో నిచ్చెనలా వేలాడుతుంటే, వాటి కింద నించి ఊరి వాన అంతా పోతోంది.

"అమ్మగారూ, తడిసిపోతన్నారండి," అంది వీరమ్మ, తాటాకు గొడుగు పట్టుకొచ్చి.

"ఉండవే. చూడనీ."

వాన వెలిశాక బోయీలు మేనా తెర ఎత్తి పట్టుకున్నారు. ఆవిడ దాని పక్కనించి నడుచుకుంటూ, ఊరి నడిమధ్యనించి, ఇంటికి వెళ్ళిపోయింది.