ఆమె తాగని మల్లెపూల టీ

మల్లెతోటలో నడుస్తున్నానని ఝాన్సీ అనుకుంటుంది గాని, కాళ్ల కింద మట్టి లేదు, తన కొట్టులోని నాపరాళ్ల గచ్చే ఉంది, ఆ గచ్చులోంచే పొదలు లేచి సాళ్లు సాళ్లుగా ఎండలోకి సాగిపోతున్నాయి, ఆ చివర పైట నడుముకు దోపుకొని, విచ్చని మొగ్గలే ఏరి ఏరి తుంచుతూ నాంచారమ్మ నిలబడి ఉంది, చనిపోయి నలభై రోజులైన మనిషి, ఏమీ ఎరగనట్టు.

"వచ్చావా వదినా," అంటుంది వెనక్కి తిరక్కుండానే. "ఆలస్యమైతే మొగ్గ విచ్చుకుంటది. టీకి వాసన పట్టలేదని మళ్లీ నన్నే తిడతావు."

నాలుగు వేసవులుగా ఈ తోట మొగ్గల్నే ఝాన్సీ టీ ఆకులో పొరలు పొరలుగా వేసింది, నీడన ఆరబెట్టి దంచి నలుగుపిండిలో కలిపింది, పురుగుమందు చుక్క తగలని పువ్వులని కొట్టు గోడమీద పెద్ద అక్షరాలతో రాయించింది.

"నిన్నొకటి అడగాలి," అంటుంది ఝాన్సీ. "తోటకి మందు కొట్టావా?"

"పోయినదాన్ని అడిగే మాటేనా అది? ఎలా ఉన్నావని అడగవే?"

పొదలు పక్కకు జరిగి కొట్టులోని బల్లకు చోటిస్తాయి, బల్లమీద గాజుగ్లాసులో టీ పొగలు కక్కుతుంటుంది, అవతల చివర, నలుగుపిండి కొనే జాన్‌బీ కూతురు నస్రీన్ వీపు చూపిస్తూ కూర్చుని ఉంటుంది, ఝాన్సీ ఎటు తిరిగినా ఆ పిల్ల వీపే కనిపిస్తుంది.

"తాగు," అని ఝాన్సీ గ్లాసు ముందుకు నెడుతుంది.

నాంచారమ్మ గ్లాసును చూస్తుంది, చెయ్యి మాత్రం చాపదు. "నాకు టీ పడదని తెలుసుగా. గ్యాసు."

"బస్టాండులో రెండేసి గ్లాసులు తాగేదానివి. నా టీయే పడలేదా? నీ మనవరాలికి నలుగు పెట్టాలంటే, పువ్వు కలపని ఉత్త పెసరపిండి ఇమ్మన్నావు. ఎందుకు?"

నాంచారమ్మ వేళ్ల మధ్య మొగ్గ ఆగిపోతుంది, గాలి ఆగిపోతుంది, ఎండ కూడా కాసేపు ఎటూ పోకుండా నిలబడిపోతుంది.

"మొదటేడు ఒక్క చుక్క కొట్టలా, నమ్ము," అంటుంది చివరికి. "రెండో ఏడు పురుగు పడింది. మొగ్గ మొగ్గకీ తొలిచేసింది. నువ్వేమో ఊరూరా నాంచారమ్మ తోట పువ్వు, నాంచారమ్మ తోట పువ్వు అని చెప్పుకు తిరుగుతున్నావు. పువ్వు లేదని ఏ మొహంతో చెప్పను?"

"లేదంటే ఆ ఏడు కొట్టు మూసుకునేదాన్ని! నా తలమీద చెయ్యేసి ఒట్టు పెట్టావే! ఆ ఒట్టు నమ్మే, నస్రీన్ ముఖమంతా దద్దుర్లొచ్చాయని జాన్‌బీ ఏడుస్తూ వస్తే, నలుగురు ఆడవాళ్ల ముందు ఏమన్నానో తెలుసా? నా పిండిలో ఏం లేదు, నీ పిల్ల తిండే మంచిది కాదన్నాను."

"నోరు నీదే కదా వదినా."

ఆ మాట చెంపదెబ్బలా తగులుతుంది. నిజమే గనక ఇంకా గట్టిగా తగులుతుంది. ఝాన్సీ ఆమె మణికట్టు పట్టుకుంటుంది, చేతిలోకి తడిసిన ఆకులే వస్తాయి.

"నాతో జాన్‌బీ ఇంటికి రా. ఒక్క మాట చెప్పు చాలు. నువ్వు చెప్పకపోతే నేనేం చెప్పినా ఊహే అవుతుంది."

"నేనెక్కడికొస్తాను? కాళ్లకి చెప్పులు కూడా లేవు," అంటూ నాంచారమ్మ సాలు వెంట వెళ్లిపోతుంది, ఒక్కో అడుగుకీ ఒక్కో పొద మాయమవుతుంది, చివరికి ఉత్త గచ్చు మిగులుతుంది.

ఝాన్సీ కళ్లు తెరిచింది. సాయంత్రం నాలుగైంది. వరండాలో పాత పంచెమీద మొగ్గలు ఆరుతున్నాయి. నాంచారమ్మ పోయాక వచ్చిన మొదటి కోత అది. తోటను నలభై రోజులుగా ఎవరూ పట్టించుకోలేదని, దానంతటదే పూసిందని, పొద్దున నాంచారమ్మ భర్త వీరయ్య బుట్ట దించి వెళ్లాడు.

ఆ మొగ్గల నిండా నల్లచీమలు. గోడ పగులు నుంచి బారుగా వచ్చి, ఒక్కో మొగ్గలోకీ దూరి బయటికొస్తున్నాయి.

మొదటేడు తర్వాత ఆ తోట పువ్వుమీద ఒక్క చీమను ఝాన్సీ చూడలేదు. ఎంత శుభ్రమో చూడండని వచ్చినవాళ్లకు గర్వంగా చూపించేది కూడా.

చాలాసేపు అక్కడే గొంతుక్కూర్చుంది. పంచె దులపలేదు. తర్వాత లేచి చెప్పులు వేసుకొని, కొట్టుకు కాదు, జాన్‌బీ ఇంటి వైపు నడిచింది.