గిన్నె అడుగు

హరిలాల్ నడుం దాకా వంగి, గోలెమంత ఉక్కు గిన్నె అడుగును చెక్క గరిటెతో గీకుతున్నాడు. మంటకు ఆక్సిజన్ ఇచ్చే తెల్లటి రసాయన ఉప్పు, అల్యూమినియం పొడి, రబ్బరు జిగురు కలిపి రాకెట్ ఇంధనం పోత పోశాక మిగిలిన మడ్డి అది. బూడిదరంగులో, చీమిడిలా సాగుతుంది. నిప్పురవ్వ పుడుతుందని ఇనుప గరిటెలు వాడనివ్వరు. దామరచర్ల దారిలోని ఆ ఫ్యాక్టరీలో ఇన్నేళ్లుగా చేస్తున్నా, ఆ ముక్కిన నూనె వాసనకు అతను మొహం పక్కకు తిప్పుకునే గీకుతాడు.

ఉమ్మితే ఉమ్ములోనూ వెండిజీర. భార్య సుక్కి అతని బట్టలు విడిగా ఉతుకుతుంది. బిడ్డ కావ్య చిన్నప్పుడు అతని చేతి ముద్ద నోట్లో పెట్టగానే ఊసేసింది. అప్పటినుంచి అతను తన చేత్తో ఎవరికీ ఏదీ తినిపించలేదు. తను తినేదీ చెంచాతోనే.

ఆ మధ్యాహ్నం కోదాడ నుంచి ఇంజినీరింగు పిల్లలు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చారు. సూపర్‌వైజర్ దామోదర్ గుమ్మంలో నిలబడి వాళ్లకు వివరించాడు. కిరసనాయిలు లాంటి ద్రవ ఇంధనమైతే వాల్వు తిప్పి మంట ఆపొచ్చు. కటిక చలిలో దాచే హైడ్రోజన్ రాకెట్ పైభాగాన్ని దూరం తీసుకుపోతుంది. ఈ ఘన ఇంధనం మాత్రం నేల మీంచి మొదటి తోపుకు, ఏళ్ల తరబడి సిద్ధంగా ఉంచే క్షిపణులకు. ఒకసారి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

ఒకమ్మాయి గిన్నెలోకి తొంగిచూసి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుంది. హరిలాల్‌కు ఆమె మీద కోపం రాలేదు. తన ఒంటి మీద తనకే రోత పుట్టింది.

వాళ్లు వెళ్లాక దామోదర్ దగ్గరికొచ్చాడు.

"నీ బిడ్డ ఇంటర్ పాసైంది గద. నాయనకు దమ్ము చాలుతలేదు, ఆయన జాగల నన్ను పెట్టుకోండ్రి అని ఆమెనే అడిగింది. సోమవారం పంపియ్యి. పొడి జల్లెడ పట్టుడు, గిన్నె గీకుడే. మొదట్ల జర వాసనొస్తది, అలవాటైతది."

కావ్య తనను అడగకుండానే వచ్చి వెళ్లిందన్నమాట. గోళ్లలో బూడిదరంగు పొడి ఇరుక్కున్న చేత్తోనే ఆమె అన్నం కలుపుకుంటున్నట్టు అతని కళ్లకు కట్టింది.

"అలవాటు కాదు సారు," అన్నాడు నెమ్మదిగా. "నాకే కాలే. నా బిడ్డ రాదు."

"మరి నీతోని అయితలేదు గద. ఎవరు చేస్తరు?"

"ఎవరో ఒకరు వస్తరు. నేను గూడ ఇగ రాను."

హరిలాల్ అడుగున చార మిగలకుండా గీకాడు. చేతి తొడుగులు విప్పి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, గేటు దాటి మిర్యాలగూడ ఆటో ఎక్కాడు.

కుళాయి గట్టు మీద అతని రబ్బరు తొడుగులు మిగిలాయి. జిగురు గడ్డకట్టి, వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే ముడుచుకుని ఉన్నాయి.