తెరచాప పొట్ట

దర్జీ కొత్తగా కొన్న చిన్న తెరచాప పడవ మొదటి ఆదివారం తీరం వెంబడి బాగానే సాగింది. అతనికి మాత్రం ఒళ్లు మండింది. గాలి వీచినప్పుడల్లా తెరచాప మధ్యలో పొట్టలా ఉబ్బుతోంది.

"కొలతలు రానివాడెవడో కుట్టాడు. ఎంత వదులో చూడు," అన్నాడు భార్యతో.

"పడవ పోతోంది కదండీ, పోనివ్వండి," అందామె.

పోనిస్తే అతను దర్జీ ఎందుకవుతాడు? వారమంతా కొట్టు పనులు పక్కన పెట్టి, ఆ వదులంతా లోపలికి మడిచి జంట కుట్లు వేశాడు.

రెండో ఆదివారం తెరచాప ఇస్త్రీ దుప్పటిలా నిలబడింది. పడవ మొండికేసింది. తాళ్లు లాగాడు, చుక్కాని తిప్పాడు, గాలిని తిట్టాడు. గాలికేం లోటు లేదు, భార్య టోపీని ఎత్తుకుపోయింది కూడా. పడవ మాత్రం ముందుకు కదలకుండా పక్కకి జారి రాళ్లవైపు పోతోంది.

"పోయినవారం పడవ బాగుంది, ఈవారం తెరచాప బాగుంది," అందామె.

చివరికి ఓ ముసలి జాలరి తన మోటారు పడవకు తాడు కట్టి వాళ్లను ఒడ్డుకు లాక్కొచ్చాడు. తెరచాపను తడిమి చూశాడు.

"దీని పొట్ట ఎవరు తీసేశారయ్యా? గాలి పట్టేది అందులోనే. ఈ కుట్లన్నీ విప్పాల్సిందే."

ఆ సాయంత్రం దర్జీ కొట్టు ముందు కూర్చుని బ్లేడుతో విప్పసాగాడు. గంట గడిచినా జానెడు ఊడలేదు. ఏ వెధవ కుట్టాడో అని పళ్లు నూరుతూ తలెత్తితే, గుమ్మం మీద తన బోర్డే కనిపించింది.

'గుడ్డ చిరిగినా మా కుట్టు ఊడదు.'