వంక లేని బండి

మళ్ళీ ఆ ఆదివారమే, మా తమ్ముడు ప్రభాత్ బండి కొన్న రోజే, నేను పదో తరగతి పేపర్లు దిద్దే హాల్లో ఉన్నాను, కాని బెంచీల మీద జవాబుల కట్టలు లేవు, బెంచీల మధ్య వరసగా పాత మోటారు సైకిళ్ళు నిలబెట్టి ఉన్నాయి, కట్టలకు కట్టినట్టే ఒక్కోదాని హ్యాండిల్‌కి పురికొసతో ఒక నంబరు చీటీ కట్టి ఉంది. ప్రభాత్ కిటికీ దగ్గర హెల్మెట్ చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడు చనిపోయాడని నాకు తెలుసు. ఈ రోజుకి ఇంకా చనిపోలేదని కూడా తెలుసు. సాయంత్రం లోపల వాడు వీటిలో ఒకటి తీసుకెళ్తాడు. వరస చివర ఉన్న ఆ బూడిదరంగు బండి కాకుండా ఏదైనా సరే మరొకటి తీసుకెళ్ళేలా చేయగలిగితే, నలభై రోజుల తర్వాత తుని దాటాక ఆ కల్వర్టు దగ్గర ఏమీ జరగదు.

"వచ్చావా అక్కా? పేపర్లున్నాయన్నావుగా," అంటాడు.

"అయిపోయాయిరా," అంటాను. అయిపోలేదు. ఎర్ర పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది.

"అయితే మొదలెట్టు. నువ్వు వంక పెట్టకపోతే నాకు ఏదీ కొన్నట్టుండదు."

చిన్నప్పటినుంచీ అంతే. చెప్పులైనా, చొక్కా గుడ్డైనా, చివరికి పెళ్ళిచూపుల ఫొటో అయినా ముందు నాకు చూపించేవాడు, నేను ఏదో ఒకటి అనేదాన్ని, వాడు నవ్వి ఇంకోటి వెతుక్కునేవాడు.

"లక్షా ముప్పై దాటకూడదు," అంటాడు. "పొట్ట ట్యాంకుకి ఆనించి వంగి కూర్చునే రేసు బండి వద్దు, అలాగని ఆఫీసుకెళ్ళే బండీ వద్దు. రోజంతా తోలినా నడుం పట్టెయ్యకూడదు, ముందు గాలి ఆపే అద్దం ఉండాలి, వెనక నువ్వూ నీ సంచీ పట్టాలి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా, సముద్రం పక్కనే. ఏటా క్లాసులో ఆ తీరం బోర్డు మీద గీస్తావు, ఒక్కసారైనా చూడవా?"

నేను ఎర్ర బండి ఇంజను మీద చెయ్యి పెడతాను, అది వేడిగా ఉంది, మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారురా, చల్లగా ఉంటే మొరాయిస్తుందన్నమాట అంటాను, వాడు సరే అని పక్క బండి దగ్గరికి నడుస్తాడు. తెల్లదాని ముందు చక్రం గొట్టాల వెంట నూనె కారింది, సరే అంటాడు. నల్లదాని టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి, కాని పక్కన అచ్చువేసిన తేదీ ఆరేళ్ళ నాటిది, సరే అంటాడు. అప్పటికి గాని నాకు అర్థం కాదు, నేను పెట్టే ఒక్కో వంకా వాణ్ణి ఒక్కో అడుగు ఆ బూడిదరంగు దానివైపే నెడుతోందని, దానికీ వాడికీ మధ్య మిగిలింది ఒక్క నీలం బండేనని. అది పాతది, గీతలు పడింది, సీటు అతుకు వేసింది. నేను దాని చుట్టూ తిరిగి చూస్తాను, గొంతు సవరించుకుంటాను, వాడితో నా జన్మలో అనని మాట అంటాను.

"ఇది బాగుందిరా."

వాడు ఆగి, నా మొహంలోకి చూసి, పగలబడి నవ్వుతాడు. "నువ్వు బాగుందన్నావంటే ఖాయంగా ఏదో తేడా ఉంది! అమ్మేవాడు నీకు కమీషనేమైనా ఇస్తానన్నాడేంటి?"

"లేదురా, నిజంగానే బాగుంది, గీతలదేముంది, చక్కగా నడుస్తుంది, తీసుకోరా, ప్రభాత్, నీకు దణ్ణం పెడతాను," అంటూ వాడి చొక్కా చెయ్యి పట్టుకుంటాను, కాని హాలు నేల ఇసకైపోతోంది, బెంచీలు సరుగుడు మొక్కలైపోతున్నాయి, వాడు బూడిదరంగు బండి మీద ఎప్పుడో ఎక్కి కూర్చున్నాడు.

"దాన్ని కొనకు."

"కొనేశాను కదక్కా," అంటాడు మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టు. "నలభై రోజులు తోలాను కూడా."

"కొన్న రోజు పదకొండున్నరకి ఫోన్ చేశావు. పేపర్ల మధ్యలో నేను కట్ చేశాను. ఎందుకు చేశావురా?"

"చేతులు వదిలితే హ్యాండిల్ ఎడమకి లాగుతోంది. ఎప్పుడో పడి, సరిచేసిన బండేమో అనిపించింది. తీసుకోనా వద్దా అని అడుగుదామనుకున్నాను."

"వద్దు," అంటాను. "వద్దురా, వద్దు, వద్దు."

"ఇప్పుడంటే ఎలా అక్కా," అంటాడు.

అయితే నన్నూ ఎక్కించుకో అని వెనక కూర్చుంటాను, బండి సముద్రం అంచునే పోతుంది, వేగం తగ్గించమంటాను, వాడికి వినపడదు, దూరాన కల్వర్టు తెల్ల గోడ కనిపిస్తోంది, నేను కాళ్ళకింది కమ్మీలను బలంకొద్దీ తొక్కుతున్నాను.

"వెనక బ్రేకుండదక్కా," అంటాడు, తల తిప్పకుండానే. "ఎందుకు తొక్కుతావు?"

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. నా పాదాలు రెండూ ఇనప మంచం చివరి పట్టీకి తన్నిపెట్టి ఉన్నాయి. అరికాళ్ళలో అడ్డంగా దాని గుర్తు పడింది, అది పోవడానికి చాలాసేపు పట్టింది.

కలలో వాడు చెప్పిన కారణం వాడు చెప్పింది కాదు, నేను ఊహించుకున్నది. ఆ ఫోన్ ఎందుకు చేశాడో నాకు తెలియదు. బండి ఇంకా ఆ కల్వర్టు దగ్గరి ఊరి పోలీసు స్టేషను ఆవరణలోనే ఉంది, వచ్చి చూసుకొమ్మని రెండుసార్లు కబురు పెట్టారు. మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్తే, చట్రానికి పాత వెల్డింగు ఉందో లేదో అయిదు నిమిషాల్లో చెప్పేస్తాడట. నేను ఇంకా వెళ్ళి చూడలేదు.